పెద్ద క్రాపీ కోసం చెరువు వెతికిన కథ: డాలస్ ఉత్తరాన ఒక సీజన్ కేస్ స్టడీ

క్రాపీ అంటే చేపండీ, హెయిర్ కటింగ్ కాదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే మా బామ్మర్దికి మొదటిసారి చెప్పినప్పుడు "క్రాపు చేయించుకోడానికి గంట డ్రైవింగా బావా" అన్నాడు. చందువాలాగా పలచగా పక్కలు నొక్కేసినట్టు ఉంటుంది, వెండి రంగు, మీద నల్ల మచ్చలు, నోరు మాత్రం సైజుకి మించి పెద్దది. అమెరికాలో వసంతం వచ్చిందంటే దీనికోసం జనాలు పిచ్చెక్కినట్టు తిరుగుతారు, మాంసం తెల్లగా మెత్తగా ఉంటుంది, నీచు వాసన దాదాపు ఉండదు.

ఇది 2017 అక్టోబర్ నుంచి 2018 ఏప్రిల్ దాకా నేను చేసిన పని. ఇల్లు టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. టార్గెట్ ఒక్కటే, ఇంటి నుంచి గంట లోపు డ్రైవ్‌లో 12 అంగుళాలు దాటిన క్రాపీ తరచుగా దొరికే చెరువు ఏది అని. ఒకటీ అరా అదృష్టం కొద్దీ పడటం కాదు, వెళ్ళిన ప్రతిసారీ రెండో మూడో చూడగలగాలి. అంతకుముందు మూడేళ్ళు ఈ పని తప్పుగా చేశా కాబట్టి, ముందు ఆ తప్పేంటో చెప్పాలి.

మా కమ్యూనిటీలో హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) వాళ్ళ చిన్న చెరువొకటి ఉంది, ఫౌంటెన్ గట్రా పెట్టి. అందులో క్రాపీ ఉందని తెలిసి సాయంత్రాలు గాలం పట్టుకుని పోయేవాణ్ణి. పడేవి, బాగానే పడేవి, గంటలో ఇరవై కూడా పడ్డ రోజులున్నాయి. కానీ అన్నీ 6 అంగుళాలే, అచ్చులో పోసినట్టు ఒకటే సైజు. ఇంకో ఏడాది ఆగితే పెరుగుతాయిలే అనుకున్నా, ఏడాది తర్వాత కూడా అవే 6 అంగుళాలు. తర్వాత అర్థమైంది, అవి పిల్లలు కావు, గిడసబారిన పెద్దవి. చిన్న చెరువులో క్రాపీ విపరీతంగా పిల్లలు పెడుతుంది, తినేవాళ్ళు ఎక్కువైపోయి తిండి చాలదు, అందరూ బతుకుతారు కానీ ఎవడూ పెరగడు. ఒక గదిలో పదిమంది బ్యాచిలర్లు ఒక కుక్కర్ అన్నం మీద నెట్టుకొచ్చిన రోజులు గుర్తొచ్చాయి.

అంటే చిన్న చెరువులన్నీ దండగని కాదు. క్రాపీలో రెండు రకాలు, బ్లాక్, వైట్. బ్లాక్ క్రాపీ వరల్డ్ రికార్డ్ 5 పౌండ్ల 7 ఔన్సులు, అది 2018 మేలో టెనెసీలో ఒక చిన్న పాండ్‌లోనే పడింది, నేను ఈ కేసు ముగించి చిన్న చెరువులని తిట్టుకుంటున్న నెలలోనే! వైట్ క్రాపీ రికార్డ్ మాత్రం పెద్ద రిజర్వాయర్‌ది, మిసిసిపీలో ఎనిడ్ లేక్, 1957, 5 పౌండ్ల 3 ఔన్సులు. ఇక్కడ డాలస్ వైపు ఎక్కువ కనపడేది ఈ వైటే. రెండిటికీ తేడా మచ్చలు చూసి చెప్పడం కష్టం, వీపు మీద గట్టి ముళ్ళు లెక్కపెట్టండి, 5 లేక 6 ఉంటే వైట్, 7 లేక 8 ఉంటే బ్లాక్.

రెండో తప్పు, ఫేమస్ పేరు వెంట పరిగెత్తడం. టెక్సస్‌లో పెద్ద క్రాపీ అంటే ఎవరైనా లేక్ ఫోర్క్ అంటారు. నిజమే, నీళ్ళలో మునిగిన చెట్లు, నాచు, పెద్ద బ్లాక్ క్రాపీలు, అన్నీ ఉన్నాయి. కానీ నాకు ఒకవైపు గంటన్నర పైన, పొద్దున్నే 4 కి లేవాలి, నాకు పడవ లేదు, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మాత్రమే, అంత పెద్ద నీళ్ళ మీద గాలి లేస్తే కయాక్‌తో మధ్యకి పోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. మూడుసార్లు వెళ్ళా, మూడోసారి చలికాలం. అక్కడ ఒక స్పెషల్ రూల్ ఉంది, డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పట్టిన క్రాపీని సైజు చూడకుండా ఉంచుకోవాల్సిందే, వెనక్కి వదలకూడదు. లోతు నుంచి పైకి లాగితే గాలితిత్తి ఉబ్బిపోయి వదిలినా బతకవని అలా పెట్టారు. మంచి రూలే, కానీ పెద్దవి కావాలని అంత దూరం పోయి ఎనిమిదంగుళాల చేపలు బాక్స్‌లో వేసుకుని ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ చూసిన చూపు మాత్రం మర్చిపోలేను.

అప్పుడు అనిపించింది, నేను అడుగుతున్న ప్రశ్నే తప్పు అని. "ఏ లేక్‌లో క్రాపీ బాగుంటుంది" అంటే ప్రతివాడూ ఏదో ఒకటి చెప్తాడు, వాడికి ఏ సంవత్సరం ఎప్పుడు పడిందో అది. క్రాపీ ప్రతి ఏడూ ఒకేలా పుట్టే చేప కాదు. ఒక ఏడాది విపరీతంగా పుడతాయి, తర్వాత రెండేళ్ళు దాదాపు ఉండవు. కాబట్టి అడగాల్సింది, "రెండు మూడేళ్ళ క్రితం ఏ లేక్‌లో బాగా పుట్టి, ఇప్పుడు అవి పెద్దవయ్యాయి" అని.

దీనికి రెండు కాగితాలు చూడాలి, రెండూ ఫ్రీ.

ఒకటి, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ వాళ్ళ సర్వే రిపోర్టులు. లేక్ పేరు కొడితే పేజీ వస్తుంది, ఏ చేప ఎలా ఉందో పూర్, ఫెయిర్, గుడ్, ఎక్సలెంట్ అని రేటింగ్ ఉంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు, నేనూ మూడేళ్ళు అక్కడే ఆగిపోయా. దాని వెనక అసలు రిపోర్ట్ పీడీఎఫ్ ఉంటుంది, అది తెరవాలి. క్రాపీ కోసం వాళ్ళు ట్రాప్ నెట్లు పెడతారు, ఒడ్డు నుంచి అడ్డంగా వల గోడ, అది చేపని తోలుకెళ్ళి బుట్టలోకి పంపుతుంది, రాత్రంతా ఉంచి పొద్దున లెక్కపెడతారు. ఒక వలకి ఒక రాత్రికి ఎన్ని పడ్డాయి అన్నది ఒక నంబర్. అది చూసి మోసపోవద్దు, మా హెచ్‌ఓఏ చెరువులో వల వేసినా ఆ నంబర్ ఆకాశంలోనే ఉంటుంది.

మనకి కావాల్సింది సైజుల గ్రాఫ్. క్రాపీకి వాళ్ళు వాడే మెట్లు ఇవి: 5 అంగుళాలు దాటితే లెక్కలోకి వస్తుంది, 8 అయితే క్వాలిటీ, 10 ప్రిఫర్డ్, 12 మెమొరబుల్, 15 ట్రోఫీ. 5 దాటినవాటిలో 10 దాటినవి ఎంత శాతమో ఒక అంకె ఇస్తారు. నేను శాతం కంటే బొమ్మే ఎక్కువ చూస్తా. ఒక్కటే గుట్ట 6, 7 అంగుళాల దగ్గర ఉండి అక్కడితో పడిపోతే ఆ పేజీ మూసేయడమే. రెండు గుట్టలు ఉండి, రెండోది 10 అవతల ఉంటే కూర్చుని చదవాలి. ఇంకోటి, 10 అంగుళాలు చేరడానికి సగటున ఎన్నేళ్ళు పడుతోందో కొన్ని రిపోర్టుల్లో రాస్తారు, రెండేళ్ళ దగ్గర్లో ఉంటే తిండి పుష్కలంగా ఉన్నట్టు. ఆ తిండి అంటే ఇక్కడ ముఖ్యంగా షాడ్ అనే చిన్న చేప, అది లేని చెరువులో పెద్ద క్రాపీ కోసం వెతకడం టైమ్ వేస్ట్.

ఒక చిక్కుంది, ఈ సర్వేలు ప్రతి ఏడూ జరగవు. మూడు నాలుగేళ్ళ పాత రిపోర్టే దొరకచ్చు. ఆ గ్యాప్ నింపడానికే రెండో కాగితం, నీటిమట్టాల చరిత్ర. టెక్సస్ రిజర్వాయర్లన్నిటి మట్టాలూ ఏళ్ళ తరబడి గ్రాఫ్‌గా ఆన్‌లైన్‌లో పెడతారు.

ఇక్కడ నాకు పాలేరు చెరువు గుర్తొచ్చింది. మాది ఖమ్మం వైపు, చిన్నప్పుడు మా బాబాయ్ గాలం వేయడం నేర్పింది అక్కడే, బెండు కట్టి వానపాము గుచ్చి. చెరువులు ఎండిన ఏడు అందరూ ఏడుస్తుంటే ఆయన మాత్రం ఎండనీయరా, అడుగున కంప మొలవనీ, నిండిన రెండో ఏడు చూడు అనేవాడు. ఎండిన చెరువులో తుమ్మ, గడ్డి, పిచ్చి చెట్లు మొలుస్తాయి, మళ్ళీ నీళ్ళొస్తే అదంతా మునుగుతుంది, కుళ్ళిన దాంట్లో పురుగూ నాచూ పుడతాయి, పిల్ల చేపలకి తిండీ అదే, దాక్కునే చోటూ అదే.

ఇప్పుడు లేక్ లావన్ చూడండి. మా కాలిన్ కౌంటీ తాగేది ప్రధానంగా ఈ నీళ్ళే. నిండు మట్టం సముద్రమట్టానికి 492 అడుగులు. 2011 నుంచి మొదలైన కరువులో పదడుగులకి పైగా కిందికి పోయింది, అప్పటికే ఇక్కడున్నవాళ్ళకి గుర్తుంటుంది, లాన్‌కి రెండు వారాలకి ఒక్కసారే నీళ్ళు పెట్టాలని ఆంక్షలు, వేలు పోసి వేయించిన గడ్డి ఎండిపోయి పక్కింటి తెల్లాయన రోజూ దాని ముందు నిలబడి నిట్టూర్చేవాడు. అన్నేళ్ళు బయటపడ్డ ఒడ్డు మీద విల్లో చెట్లు మనిషెత్తు మొలిచాయి. 2015 మేలో టెక్సస్ చరిత్రలోనే ఏ మేలోనూ పడనంత వాన పడింది, చెరువు నిండి పొంగింది, ఆ చెట్లన్నీ మునిగాయి. క్రాపీ గుడ్లు పెట్టేది మార్చి, ఏప్రిల్‌లో. అంటే ఆ ఏడు పుట్టిన పిల్లలు సరిగ్గా ఈదుకుంటూ తిండి వెతుక్కునే టైమ్‌కి వాటికి కొత్త అడవి దొరికింది. 2015లో పుట్టినవి 2018 వసంతానికి మూడేళ్ళవి. నాకు కావాల్సిన సైజు అదే.

చుట్టుపక్కల మిగతా లేక్‌లు ఎందుకు తీసేశానో క్లుప్తంగా చెప్తా. లూయిస్‌విల్ ఇంటికి దగ్గర, చేప ఉంది, కానీ వీకెండ్ స్పీడ్ బోట్ల గోలకి కయాక్ నిలవదు. రే రాబర్ట్స్ నాకు రెండో ఛాయిస్, మునిగిన చెట్లు బోలెడు, స్టేట్ పార్క్ లోపల ఒడ్డు మీద నుంచి పడితే లైసెన్స్ కూడా అక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను అదే చెప్తా. టవాకోని దూరం. రే హబ్బర్డ్‌లో బ్రిడ్జిల కింద పడతాయి, కానీ నా ఇంటి నుంచి ట్రాఫిక్ దాటేసరికే తెల్లారిపోతుంది. లావన్‌కి ఇంకో ప్లస్, ఆ ప్రాంతమంతా నల్లరేగడి నేల, వానొస్తే నీళ్ళు టీ రంగులో ఉంటాయి. బురద నీళ్ళని బ్లాక్ కంటే వైట్ క్రాపీ బాగా తట్టుకుంటుంది. చాలామంది ఆ నీళ్ళు చూసి ముఖం తిప్పుకుని పోతారు, అదీ నాకు ప్లస్సే.

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా 11 ట్రిప్పులు, ప్రతిదీ నోట్‌బుక్‌లో. నీటి టెంపరేచర్, లోతు, ఎన్ని పడ్డాయి, అన్నిటికంటే పెద్దది ఎన్ని అంగుళాలు. ఇంత పనికి కావాల్సిన సామాను చాలా తక్కువ, 6 పౌండ్ల బరువు తట్టుకునే లైన్, ఔన్సులో పదహారో వంతు బరువు జిగ్‌లు (తలకి బరువున్న కొక్కేనికి తొడిగిన ఉత్తుత్తి ఎరలు), జారే బెండు, చిన్న డెప్త్ ఫైండర్. బురద నీళ్ళు కాబట్టి చిలకపచ్చకీ పసుపుకీ మధ్య రంగు, దాన్ని ఇక్కడ చార్ట్రూస్ అంటారు, అదే వాడా.

మొదటి నాలుగు ట్రిప్పులు ఘోరం. రిపోర్టులు చదివి పెద్ద పండితుణ్ణి అయిపోయా అనుకున్నా, రెండు ట్రిప్పుల్లో మొత్తం మూడు చేపలు, ఒక ట్రిప్పులో సున్నా, ఒకసారైతే జిగ్‌లు డజను చెట్లకి సమర్పించి వచ్చా. బామ్మర్ది "బావా, నీ ఎక్సెల్ షీట్ చేపలకి పంపలేదా" అని ఒకటే వెక్కిరింపు. తప్పు ఎక్కడంటే, చెరువు కరెక్టే, లోతు తప్పు. చలికి అడుగున ఉంటాయి కదా అని జిగ్‌ని నేలకి దించేస్తున్నా. ఐదో ట్రిప్పులో బ్రిడ్జి స్తంభం పక్కన ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయి, చిన్న అల్యూమినియం పడవలో కూర్చుని ఒకటి తర్వాత ఒకటి తీస్తున్నాడు. కాసేపు నన్ను చూసి, వాటి కళ్ళు ఎక్కడున్నాయో చూశావా అని అడిగాడు. తన చేతిలో చేపని ఎత్తి చూపించాడు, కళ్ళు తల పైభాగంలో, పైకి చూస్తున్నట్టు. కిందున్న దాన్ని చూడవు, పైనున్న దాన్నే చూసి లేచి తింటాయి, నువ్వు వాటి పొట్ట కింద వేస్తున్నావు అన్నాడు. డెప్త్ ఫైండర్‌లో 18 అడుగుల దగ్గర చేపలు కనపడితే 16 దగ్గర ఆపాలి. అంతే. ఆ రోజు తొమ్మిది, అందులో రెండు 12 దాటాయి.

నీళ్ళు వెచ్చబడే కొద్దీ అవి కదులుతూ వచ్చాయి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పాత వాగు గాడి వెంబడి లోతులో, 58కి వచ్చేసరికి వాగు మొదట్లోకి, 60 దాటాక ఒడ్డుకి. ముందు మగవి వస్తాయి, ఆ టైమ్‌లో వాటి తలా ఛాతీ బొగ్గు రాసినట్టు నల్లగా అవుతాయి. ఆడవి, అంటే మనకి కావాల్సిన పెద్దవి, ఇంకొంచెం వెనక, ఇంకొంచెం లోతులో ఆగుతాయి. ఒడ్డున నల్ల మగవి పడుతుంటే అక్కడే కూర్చోకుండా వాటి వెనక ఐదారు అడుగుల నీళ్ళలో వెతకాలి, ఇది నా నోట్‌బుక్ నుంచి నేను నేర్చుకున్నది.

మార్చి ఆఖరు వారంలో ఒక పొద్దున. మునిగిన విల్లో చెట్లు మూడు నాలుగు, పైన కొమ్మలు ఎండిపోయి నీళ్ళలోంచి వేళ్ళలాగా బయటికొచ్చి ఉన్నాయి. ఎక్కడని అడక్కండి, చెప్పను. గాలి లేదు. జిగ్ నాలుగడుగుల కింద, బెండు నిటారుగా నిలబడి ఉంది. మన దగ్గర బెండు మునిగితేనే కదా లాగేది, నేను దానికోసమే చూస్తున్నా. అది మునగలేదు. మెల్లిగా పక్కకి ఒరిగి నీళ్ళ మీద పడుకుంది, అలసిపోయినట్టు. ఒక క్షణం లైన్ చిక్కుపడిందేమో అనుకున్నా, అప్పుడు వెలిగింది, చేప కింద నుంచి వచ్చి జిగ్‌ని నోట్లో పెట్టుకుని పైకి లేచింది, బరువు పోయేసరికి బెండు పడుకుంది. మెల్లిగా ఎత్తా. గట్టిగా కొడితే పోతుంది, దీని పెదవి చుట్టూ చర్మం పలచని కాగితంలాంటిది, వెలుగుకి పెడితే అవతలిది కనపడుతుంది, అందుకే దీన్ని పేపర్‌మౌత్ అని కూడా అంటారు. అంతకుముందు వారమే ఇంత చేపే ఆత్రంలో గుంజి నోరు చించి పోగొట్టుకున్నా. ఈసారి లైన్ బిగువు వదలకుండా, తొందరపడకుండా, వల కిందికి పెట్టి ఎత్తా. ఆడది, పొట్ట నిండా గుడ్లు. 15 అంగుళాల పావు. వేలాడే కాటాలో 2 పౌండ్లకి ఒక ఔన్స్ తక్కువ. చేతులు వణుకుతున్నాయి, ఫోటో కూడా సరిగ్గా రాలేదు.

ఆ ఒక్కదాన్ని వదిలేశా, నాలుగడుగుల నీళ్ళే కాబట్టి బతుకుతుంది. బామ్మర్ది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొత్తం లెక్క, 11 ట్రిప్పుల్లో 94 చేపలు, 12 దాటినవి 27. ఐదో ట్రిప్పు నుంచి ప్రతిసారీ కనీసం రెండు. ఫోర్క్‌లో మూడు ట్రిప్పులకి 12 దాటినవి నాకు ఒక్కటే పడింది. ఫోర్క్ తక్కువదని కాదు దీనర్థం, మంచి పడవా టైమూ ఉన్నవాడికి అది వేరే లోకం. నా కయాక్‌కి, నా శనివారం పొద్దుటికి, ఆ ఏడాదికి మాత్రం లావన్.

రూల్స్ గురించి ఒక ముక్క, ఎందుకంటే మనవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. లావన్‌లో క్రాపీ 10 అంగుళాలు ఉండాలి, రోజుకి మనిషికి 25. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. నేను ఫిబ్రవరిలో ఒకదాన్ని తోక నొక్కకుండా కొలిచి 9 ముప్పావు అని వదిలేశా, పక్కన ఆ పెద్దాయన నవ్వాడు, నొక్కి ఉంటే 10 వచ్చేది. పొరపాటు ఆ వైపుకైతే పర్లేదు, రెండో వైపుకైతే గేమ్ వార్డెన్ (వేట, చేపల రూల్స్ చూసే ఆఫీసర్) టికెట్ రాస్తాడు. నీళ్ళ మీద ఉండగా తలా తోకా కోసేయకూడదు, సైజు కొలవడానికి ఉండాలి. ఇందాక చెప్పిన స్టేట్ పార్క్ ఒడ్డు తప్పిస్తే, లైసెన్స్ 17 ఏళ్ళు నిండిన దాదాపు అందరికీ కావాలి, మామూలు ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, కాబట్టి జులైలో కొనకండి. కయాక్‌లో, పడవలో ఉన్న నీళ్ళు చెరువు దగ్గరే పారబోసి రావాలి, జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప ఆ నీళ్ళతోనే ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకుతోంది.

వండే విషయంలో కూడా ఒక ఎక్స్‌పెరిమెంట్ ఫెయిలైంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, చేప అంటే పులుసే అని చింతపండు నానబెట్టి పెట్టేశారు. ఫిల్లెట్‌గా, అంటే ముల్లు తీసిన ముక్కలుగా వేస్తే ఉడుకుతుండగానే విడిపోయి పులుసంతా చేప పొట్టులా అయిపోయింది, మాంసం అంత మెత్తన. తర్వాత కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి బియ్యప్పిండి అద్ది వేయిస్తే పిల్లలు ముల్లు లేదని ప్లేట్లు నాకారు.

2019 వసంతంలో మళ్ళీ అదే విల్లోల దగ్గరికి ఆరు ట్రిప్పులు వెళ్ళా. చెట్లు కుళ్ళి చాలావరకు పడిపోయాయి. 13 దాటినవి రెండు పడ్డాయి, మిగతావన్నీ 9 అంగుళాల లోపు కొత్త పిల్లలు, మధ్య సైజు అసలు లేదు. 2015 బ్యాచ్ అయిపోయినట్టే. నోట్‌బుక్‌లో లావన్ పేజీ కింద గీత గీసి, మళ్ళీ మట్టాల గ్రాఫులు తెరిచి రే రాబర్ట్స్‌తో మొదలుపెట్టా.